చదివి వినిపించడమైనది

2023లో నేను ఒక పుస్తకం రాయించాను. 'రాశాను' అనలేదు, గమనించండి. ఇంటికి సున్నం వేయించినట్లు, బట్టలు కుట్టించినట్లు డబ్బిచ్చి రాయించాను. ఇలా డబ్బు తీసుకుని మరొకరి పేరు మీద పుస్తకం రాసిపెట్టేవారిని ఇంగ్లీషులో ఘోస్ట్ రైటర్ అంటారు. ఘోస్ట్ అంటే దయ్యం. కనపడకుండా పని చేసిపెడుతుందన్న మాట. ఈ సంగతి మా అమ్మకు వివరించి చెబితే, "దయ్యంతోని రాయిస్తవా కొడుకా? మంచిమనిషి ఎవలు దొరకలేదా?" అంది.

దొరికాడు. కానీ ఆ పుస్తకం చేతికి వచ్చేలోగా నా గురించి నాకే కొన్ని సంగతులు తెలిసివచ్చాయి. మన పత్రిక చదివేవారిలో నాలాగే అమ్మ కథో, నాన్న కథో పుస్తకంగా తేవాలని మనసులో ఉన్నవారు చాలామందే ఉంటారు. మాట్లాడే తెలుగు ఉండి రాసే తెలుగు లేకపోవడం మన బయటి రాష్ట్రాల వాళ్ళకు మామూలే కదా. అలాంటివారికి పనికి వస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మాది షోలాపూర్. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి మగ్గం పనికి వచ్చిన పద్మశాలి. అమ్మ పెళ్ళయి 1957లో ఈ ఊరు వచ్చింది. వచ్చిన ఆరు నెలలకే ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టడం మొదలుపెట్టింది. దాదాపు నలభై ఏళ్ళు చుట్టింది. మా పేటలో ప్రతి ఇంటి కథా ఇదే కాబట్టి దీనిలో గొప్ప ఏమీ లేదు. కాని మా పిల్లలిద్దరూ పూణేలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. వాళ్ళకు బీడీ అంటే పెట్టె మీద హెచ్చరిక బొమ్మ ఉన్న హానికరమైన వస్తువు. దానితోనే వాళ్ళ నాన్న బీకాం చదివాడన్న సంగతి వాళ్ళకు మాటవరసకు తెలుసు, అంతే. అమ్మకు ఎనభై రెండేళ్ళు వచ్చాయి. ఇప్పుడు కాకపోతే ఇక ఎప్పుడూ కాదు అనిపించింది.

నేనే రాద్దామని కూర్చున్నాను. నా చదువంతా మరాఠీ మాధ్యమం. తెలుగు అక్షరాలు ఇంట్లో తాత నేర్పాడు. 2004 నుంచి మూడేళ్ళు కరీంనగర్ జిల్లాలో బ్రాంచిలో పనిచేసినప్పుడు రోజూ పేపరు చదివి, ఖాతాదారుల అర్జీలు చదివి, ఆ చదువు కాస్త గట్టిపడింది. అయితే చదవడం వేరు, రాయడం వేరు. ముప్ఫై ఏళ్ళ బ్యాంకు ఉద్యోగం నాకు ఒకే రకం వాక్యం నేర్పింది. మొదటి పేజీ రాసి మా ఆవిడకు చూపిస్తే, "అత్తమ్మ గురించి రాశారా, అత్తమ్మకు లోన్ సిఫార్సు చేశారా?" అంది. కాగితం చించేశాను.

అప్పుడు ఒక మిత్రుడు హైదరాబాదులో ఉండే ఒక రచయిత సంగతి చెప్పాడు. స్వంతంగా కథలు రాస్తారట. జీవనానికి మాత్రం పెద్దమనుషుల ఆత్మకథలు రాసిపెడతారట. మనిషి గోదావరి వైపు వారు. ఫోనులో మాట్లాడాను. రేటు చెప్పారు. నూట యాభై పేజీలకు మించకుండా, షోలాపూర్ వచ్చి నాలుగు రోజులు ఉండి, అమ్మ మాటలు రికార్డు చేసుకుని, రెండు దఫాలు దిద్ది ఇచ్చేటట్లు తొంభై వేలు, మూడు విడతలుగా. దారిఖర్చులు, అచ్చుఖర్చు నావి. మా ఆవిడ ఆ డబ్బుతో రెండు గాజులు వస్తాయని లెక్క చెప్పింది. లెక్క సరైనదే.

ఎంతైనా బ్యాంకువాణ్ణి. అప్పు ఇచ్చేముందు చూసినట్లే అన్నీ చూశాను. వారు అంతకుముందు రాసిన పదిపేజీలు తెప్పించుకుని చదివాను. ఒప్పందం కాగితం మీద ఉండాలన్నాను. న్యాయవాది అయిన మిత్రుడి దగ్గర కూర్చున్నప్పుడు నాకు తెలియని ఒక సంగతి బయటపడింది. డబ్బిచ్చి రాయించుకున్నంత మాత్రాన పుస్తకం మనది అయిపోదట. మన కాపీరైటు చట్టం 1957 నాటిది. అందులో పదిహేడో సెక్షన్ ప్రకారం రచన మీద మొదటి హక్కు రాసినవారిదే. స్టూడియోకు పోయి డబ్బిచ్చి ఫోటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, దాని మీద హక్కు డబ్బిచ్చినవారిది. బొమ్మ గీయించుకున్నా అంతే. పుస్తకానికి మాత్రం ఆ సూత్రం లేదు. మన దగ్గర జీతానికి ఉన్న ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా రాస్తే వేరే సంగతి. బయటివారితో రాయిస్తే ఆ హక్కును మనకు బదిలీ చేస్తున్నట్లు వారు రాసి సంతకం పెట్టాలి. ఆ కాగితంలో ఎన్నాళ్ళకో రాయకపోతే అయిదేళ్ళకేనని, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకేనని అర్థం చేసుకుంటారు. ఇవన్నీ పందొమ్మిదో సెక్షన్‌లో ఉన్నాయి. అన్నిటికంటే నన్ను ఆలోచింపజేసింది యాభై ఏడో సెక్షన్. హక్కులన్నీ అమ్ముకున్న తర్వాత కూడా 'ఇది రాసినవాణ్ణి నేను' అని చెప్పుకునే హక్కు రాసినవారికి ఉంటుంది.

అంటే చట్టానికి కూడా తెలుసన్న మాట, రాయడమూ స్వంతం చేసుకోవడమూ రెండు వేరు వేరు సంగతులని.

ఒప్పందంలో వారే ఒక షరతు రాసి పంపారు. పుస్తకం మీద నా పేరు మాత్రమే ఉంటుంది, వారి పేరు ఎక్కడా ఉండదు అని. "మీ పేరు వద్దా సార్?" అని అడిగాను. "ఈ పనిలో పేరు ఉండదండీ. దానికి కూడా కలిపే రేటు" అన్నారు. నవ్వుతూనే అన్నారు. నాకు లోపల కొంచెం సంతోషమే కలిగిందని ఒప్పుకోవాలి. కవరు మీద నా పేరు ఒక్కటే ఉంటుంది.

ఇది తప్పా అని ఆ రోజుల్లో చాలా ఆలోచించాను. మన సంప్రదాయంలో ఇదేమీ కొత్త కాదు. వ్యాసుడు చెబితే వినాయకుడు రాశాడంటారు. గోన బుద్ధారెడ్డి రామాయణాన్ని తన తండ్రి పేర చెప్పాడు. చివరకు దానికి రంగనాథ రామాయణం అని పేరు నిలిచి, పండితులు కర్త ఎవరని చాలాకాలం వాదించుకున్నారు. ఆముక్తమాల్యద పెద్దన రాసిపెట్టాడనే వాదం ఒకటి పుట్టింది, చాలామంది ఒప్పుకోలేదు. దేశం కాని దేశం చూస్తే, అమెరికా అధ్యక్షుడైన కెనెడీకి 1957లో పులిట్జర్ బహుమతి తెచ్చిన పుస్తకంలో చాలా అధ్యాయాలకు మొదటి ప్రతులు రాసింది తానేనని ఆయన సహాయకుడు సోరెన్సెన్ 2008లో తన జ్ఞాపకాలలో చెప్పాడు. అంతంతవారే రాయించుకోగా మన బోటివారికి తప్పేమిటి అని సర్ది చెప్పుకున్నాను.

రచయిత గారు వచ్చారు. మా ఇంట్లోనే దిగారు. ఆ నాలుగు రోజులూ నేను సెలవు పెట్టలేదు. మార్చి నెలాఖరు. బ్యాంకువాళ్ళకు మార్చి అంటే ఏమిటో వేరే చెప్పక్కరలేదు. పొద్దున తొమ్మిదికి నేను వెళ్ళేటప్పటికి వారు అమ్మ పక్కన నేల మీద చాపేసుకుని కూర్చునేవారు. రాత్రి వచ్చేసరికి కూడా అక్కడే ఉండేవారు. మొత్తం పదకొండు గంటల మాటలు రికార్డు చేశారు.

రాత్రి భోజనాల దగ్గర వారు చెప్పే సంగతులు విని నాకు ఆశ్చర్యం వేసేది. యాభై నాలుగేళ్ళు ఆ తల్లి కడుపున పుట్టి పెరిగినవాణ్ణి, ఆమెను నేనెప్పుడూ అడగని ప్రశ్నలు ఆయన అడిగారు. మొదటి కూలీ డబ్బుతో ఏం కొన్నావమ్మా? (ఎర్ర రిబ్బను, మేనత్త కూతురికి.) ఆకు కత్తిరించే రేకు ఫర్మా ఎవరిచ్చారు? చేతిలో తంబాకు వాసన పోవడానికి ఏం పెట్టి తోమేదానివి? కట్టకు ఇరవై అయిదు బీడీలు కదా, నీకు లెక్క ఎవరు నేర్పారు? తునికాకు రాత్రి నానబెట్టి, తడి గోనెగుడ్డలో చుట్టి పెడితే తెల్లారి మెత్తబడుతుందనీ, నీళ్ళు ఎక్కువైతే ఆకు నల్లబడి కార్ఖానాలో బీడీలు తీసిపారేస్తారనీ, అలా తీసేసినవాటికి కూలీ ఉండేది కాదనీ నాకు తెలుసు. కాని అలా వంద బీడీలు పోయిన రోజున అమ్మ ఇంటికి రాకుండా మార్కండేయుని గుడి మెట్ల మీద చీకటి పడేదాకా కూర్చుందని నాకు తెలియదు. డబ్బు తీసుకుని చేసే పని అని ఎవరైనా చులకనగా అంటే నేను ఒప్పుకోను. మనిషి చేత మాట్లాడించడం ఒక విద్య. అది ఆయన దగ్గర ఉంది.

మే నెలలో ఒక సాయంత్రం ఫోను చేశారు. "మీ అక్కగారు బడి మానేసిన సంగతి అమ్మగారు చాలా వివరంగా చెప్పారండీ. అది ఉన్నదున్నట్లు రాయమంటారా?"

ఇక్కడ కొంచెం ఆగి మా అక్క సంగతి చెప్పాలి. నాకంటే ఆరేళ్ళు పెద్దది. 1972లో మహారాష్ట్రలో పెద్ద కరువు వచ్చింది. మా వైపు మరీ ఎక్కువ. మగ్గాలు ఆగిపోయాయి. నాన్న రాళ్ళు కొట్టే పనికి పోయాడు. రేషన్‌లో మిలో అని ఎర్ర జొన్న ఇచ్చేవారు. ఆ రొట్టె రంగు మాత్రమే నాకు గుర్తుంది. ఆ కరువులోనే, 1973లో, నాలుగో తరగతి చదువుతున్న అక్క బడి మానేసి అమ్మ పక్కన చాట పట్టుకుని కూర్చుంది. పెళ్ళయి వెళ్ళేవరకూ బీడీలు చుట్టింది. తర్వాత అత్తవారింట్లో కూడా చుట్టింది. 'మా అక్క నా చదువు కోసం తన చదువు మానుకుంది' అని నేను చాలాచోట్ల చెప్పాను. ఒకసారి బ్యాంకు సభలో చెబితే చప్పట్లు కూడా కొట్టారు.

రచయిత గారికి ఫోనులో అదే చెప్పాను. "పిల్లలు చదివే పుస్తకం సార్. మరీ బాధగా ఎందుకు? అక్క తమ్ముడి కోసం ఇష్టంగా మానుకుందని మెత్తగా రాయండి. ఇంకొకటి, అమ్మ మాటలు మా ఊరి యాసలో ఉంటాయి, మరాఠీ కూడా కలుస్తుంది. కొంచెం మంచి తెలుగులో పెట్టండి." సరేనండీ అన్నారు. ఒక్క క్షణం ఆగి అన్నారు. ఆ క్షణం ఆగడం నేను గమనించాను గాని పట్టించుకోలేదు.

జులైలో రాతప్రతి వచ్చింది. నూట నలభై పేజీలు. చదివితే కళ్ళు చెమర్చాయి. ఎంత బాగా రాశారో! వాక్యాలు నదిలా సాగిపోయాయి. నేను రాసినట్లే ఉంది, అంటే నాకు రాయడం వచ్చి ఉంటే ఎలా రాసేవాణ్ణో అలా ఉంది. రెండో విడత డబ్బు ఆ రోజే పంపాను.

అచ్చుకు పంపేముందు అమ్మకు చదివి వినిపించాలనుకున్నాను. దీనికి కారణం భక్తి కాదు, అలవాటు. అమ్మకు చదువు రాదు. బ్యాంకులో ఆమె ఖాతా వేలిముద్ర ఖాతా. వేలిముద్ర వేసేవారి కాగితం ఏదైనా సరే, అందులో ఏముందో వారి భాషలో చదివి వినిపించి, అర్థమైందని చెప్పాకే ముద్ర వేయించాలి. 'చదివి వినిపించడమైనది' అని రాసి, కింద మనం సంతకం చేయాలి. ఉద్యోగంలో వేలసార్లు చేశాను. చదవకుండా వేయించిన ముద్ర ఎన్ని ఇళ్ళు కూల్చిందో కూడా చూశాను.

ఒక ఆదివారం అక్కను కూడా పిలిచాను. ఆమె ఉండేది నాలుగు వీధుల అవతలే. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెట్టాను. మొదట్లో ఇద్దరూ నవ్వుకుంటూ విన్నారు. పెళ్ళినాటి ముచ్చట్లకు అక్క అమ్మను ఆటపట్టించింది. ఒకచోట 'ఆవకాయ కలిపిన వేడి అన్నం ముద్దలు' అని వచ్చింది. అమ్మ చెయ్యెత్తి ఆపింది. "అన్నం ఏడిది కొడుకా? మనం తిన్నది జొన్నరొట్టె, శేంగా చట్నీ. అన్నం పండుగకు." దిద్దుకుంటానని గుర్తు పెట్టాను. ఇంకోచోట అమ్మ నోట ఒక పెద్ద మాట వచ్చింది, జీవితం ఒక నేత, సుఖదుఃఖాలు పడుగుపేకలు అని. "గింత మంచిగ నేనెప్పుడు మాట్లాడిన?" అంది. అందరం నవ్వాం. నా నవ్వు కొంచెం తగ్గింది.

తర్వాత కరువు అధ్యాయం. చదువుతున్నాను. 'తమ్ముడి భవిష్యత్తు కోసం పదేళ్ళ ఆ చిన్నారి చిరునవ్వుతో పలక పక్కన పెట్టింది' అన్న వాక్యం దగ్గరికి వచ్చాను.

"ఆగు" అంది అమ్మ.

ఆగాను.

"గిది ఎవల కథ కొడుకా? నేను చెప్పింది గిది గాదు. సారుకు నేను బాయి ముచ్చట చెప్పిన. అదేది?"

మా ఊళ్ళో బడి పంతులమ్మను బాయి అంటాం. నేను మాట్లాడలేదు. అమ్మ నావైపు కాకుండా గోడవైపు చూస్తూ చెప్పింది. ఆమె మాటలు నాకు గుర్తున్నంతవరకు ఇవి.

"పిల్ల నవ్వుకుంట మానలే. మూడు దినాలు రొట్టె ముట్టలే. నీ సదువు కోసం గాదు, నీకప్పుడు నాలుగేండ్లు, నీకేం సదువున్నది? కడుపు కోసం. బాయి ఇంటికొచ్చింది. పిల్ల హుషారున్నది, బడికి తోలుండ్రి, పుస్తకాలు నేనిప్పిస్త అన్నది. పిల్లకు పాణం బాగలేదని చెప్పిన. పదిహేను దినాలకు మళ్ళొచ్చింది. ఊరికి పోయిందని చెప్పిన. పిల్ల లోపట చాట ముంగట కూసోనుంది. బాయి మళ్ళ రాలే. ఆ రెండు అబద్ధాలు నేను ఎవలకు చెప్పలే, మీ నాయినకు గూడ. ఈ పుస్తకం అంటివి గదా, గీ ముచ్చట చెప్పుదామనే సారుతోని అన్ని దినాలు కూసున్న."

అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మామూలు గొంతుతోనే అంది. "నాకెరికేనే అమ్మా. నేను తలుపు ఎనక ఉన్న. రెండుసార్లు ఇన్న."

యాభై ఏళ్ళు. తల్లికి తెలియదు కూతురు విన్నదని. కూతురు అడగలేదు తల్లిని. ఒకే ఊళ్ళో, నాలుగు వీధుల దూరంలో. ఆ ఇద్దరి మధ్య ఉన్న ఆ మాటను బయటికి తేవడానికి అమ్మ ఒక దారి చూసుకుంటే, నేను తొంభై వేలు ఖర్చుపెట్టి ఆ దారి మూయించబోయాను. అది కూడా నా చప్పట్ల కోసం.

"సారు తప్పు రాసిండా?" అని అడిగింది అమ్మ.

"లేదమ్మా. సారు సరిగ్గానే రాసేవాడు. నేనే వద్దన్నాను" అన్నాను. ఆ మాట అనడానికి నాకు కొంచెం సమయం పట్టింది.

అమ్మ ఏమీ అనలేదు. అక్క మాత్రం, "తమ్మీ, నా బాధ నువ్వెందుకు కడిగి పెట్టినవ్? అట్లనే ఉండనియ్యి. రాయనియ్యి" అంది.

ఆ రాత్రే రచయిత గారికి ఫోను చేశాను. జరిగిందంతా చెప్పాను. వారు కోపగించుకోలేదు. "రాయించేవారు అడిగినట్లు రాయడమే నా పనండీ. కాని ఆ పేజీ నేను చింపలేదు. అమ్మగారు చెప్పినది చెప్పినట్లు దించి దాచాను. పంపమంటారా?" అన్నారు. తెల్లారేసరికి పంపారు. అయిదు పేజీలు. ఒక్క అలంకారం లేదు. అమ్మ గొంతే. ఆయనకు అలా రాయడం కూడా వచ్చు. నేను అడగలేదు కాబట్టి నాకు అమ్మలేదు, అంతే.

మొత్తం పుస్తకం తిరగరాశారు. అమ్మ మాటలన్నీ అమ్మ యాసలోనే, మరాఠీ కలిసినచోట కలిసినట్లే ఉంచారు. అన్నం పోయి రొట్టె వచ్చింది. పడుగుపేకల వాక్యం పోయింది. దానికి అదనంగా ఇవ్వబోతే, రెండు దఫాలు దిద్దడం ఒప్పందంలోనే ఉంది కదా అని తీసుకోలేదు.

అక్టోబరులో మళ్ళీ చదివి వినిపించాను. రెండు ఆదివారాలు పట్టింది. ఈసారి అమ్మ నాలుగైదుచోట్ల మాత్రం ఆపింది. అన్నీ పేర్లు, వరసలు, తిథులు. అంతా అయ్యాక, "అర్థమైందా అమ్మా?" అన్నాను, బ్యాంకు అలవాటు కొద్దీ. "అయింది. ముద్ర ఏడ వెయ్యాలె?" అంది. నేను వేళాకోళం అనుకున్నాను. ఆమె నిజంగానే ఎడమచేతి బొటనవేలు ముందుకు చాపింది. స్టాంప్ ప్యాడ్ తెచ్చి చివరి పేజీలో వేయించాను. ఇప్పుడు పుస్తకంలో ఆ ముద్ర అచ్చయి ఉంది.

ఆ ముద్ర చూస్తుంటే మా తాత పెట్టెలోని పాత దస్తావేజు గుర్తుకు వచ్చింది. దాంట్లో రాయించుకున్నవారి పేరు, రాసిచ్చినవారి వేలిముద్ర, సాక్షులు, అన్నిటికీ కింద ఆ కాగితం రాసిన లేఖరి పేరు ఉంటాయి. భూమి ఆ లేఖరిది కాదు. డబ్బూ అతనిది కాదు. కాని ఈ అక్షరాలు ఎవరి చేతివో తెలియాలి కాబట్టి అతని పేరు ఉండి తీరాలి. చదువు లేని మన పెద్దలు రాయించుకోవడాన్ని సిగ్గుగా అనుకోలేదు, రాసినవాణ్ణి దాచనూ లేదు. చదువుకున్న నేనే దాచాలనుకున్నాను.

రచయిత గారిని మళ్ళీ అడిగాను. "మీ పేరు వేయాలి సార్. షరతు మార్చుకుందాం." మొదట ఒప్పుకోలేదు. ఇలా పేరు బయటపడితే మిగతావారు రహస్యం నిలుపుతారో లేదోనని వెనకాడతారట. అది వారి జీవనం కాబట్టి బలవంతం చేయలేదు. వారం తర్వాత వారే ఫోను చేసి, చిన్న అక్షరాలతో చివర వేయండి అన్నారు. చివరి పేజీలో ఇలా ఉంది: చెప్పినది అమ్మ, సాక్షి అక్క, రాయించినది నేను, రాసినవారు ఫలానా. మూడో విడత డబ్బు ఆ రోజు పంపాను. కవరు మీద నా పేరు తీయించి అమ్మ పేరు వేయించాను.

రెండు వందల ప్రతులు వేయించాం. అమ్మకూ అమ్మకానికీ సంబంధం లేదు, అన్నీ బంధువులకే. పూణే పిల్లలకు తెలుగు చదవడం రాదు కాబట్టి నేనే ఫోనులో చదివి రికార్డు చేసి పంపాను. కరువు అధ్యాయం విన్న రాత్రి మా అమ్మాయి వాళ్ళ అత్తకు స్వయంగా ఫోను చేసింది. ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

పుస్తకం రాయించుకోదలచినవారికి నేను చెప్పగలిగేది కొంచెమే. తప్పకుండా రాయించుకోండి. మంచి రచయిత దొరికితే మీకు తెలియని మీ ఇల్లు మీకు చూపిస్తాడు. ఒప్పందం కాగితం మీద పెట్టుకోండి. హక్కు ఎన్నాళ్ళకో, ఎక్కడెక్కడికో స్పష్టంగా రాయించండి. వారి విడతలు ఆలస్యం చేయకండి. రికార్డు చేసిన మాటలు పుస్తకంతో పాటు మీరూ దాచుకోండి. అందంగా రాయమని అడిగేముందు, ఎవరి అందం కోసం అడుగుతున్నామో ఒకసారి చూసుకోండి. ఎవరి కథో వారికి అచ్చుకు ముందు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి వినిపించండి. పక్కన కూర్చుని వినడానికి ఇంకొకరిని కూడా పిలవండి.

ఈ వ్యాసం మాత్రం నేనే రాశాను. మూడు వారాలు పట్టింది. ఒత్తులు, దీర్ఘాలు మా ఆవిడ దిద్దింది. అమ్మకూ అక్కకూ చదివి వినిపించడమైనది. అమ్మ రిబ్బను మేనత్త కూతురికి కాదు, మేనమామ కూతురికి అంది. పుస్తకంలో తప్పు పడింది. ఇక్కడ కూడా అలాగే ఉంచి, కింద ఈ మాట చెబుతున్నాను.